తాతయ్య పిస్టల్ శుభ్రం చేసి పేల్చాం, కానీ పేల్చడం చివరి పని

"ఖాళీయేరా, మీ తాతయ్య పోయాక దాన్ని ఎవ్వరూ ముట్టుకోలేదు" అంటూ బాబాయి పెట్టె తెరిచి చూపించాడు. లైసెన్స్ కాగితాలు నా పేరు మీదకి మారేదాకా నేను దాన్ని చేత్తో తాకలేదు, మీరుండే చోట చట్టం ఏం చెప్తుందో అది ముందు పూర్తవ్వాలి, ఇందులో తొందర పనికిరాదు. కాగితాలు వచ్చాక మొదటిసారి చేతిలోకి తీసుకుని, గొట్టం మనుషులు లేని వైపుకి పెట్టి, వేలు ట్రిగ్గర్ బయట ఉంచి, మ్యాగజైన్ లాగితే ఖాళీగానే వచ్చింది. స్లైడ్, అంటే పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం, లాగబోతే మాత్రం కదల్లేదు. అస్సలు కదల్లేదు.

అప్పుడర్థమైంది నాకు, ఎవ్వరూ ముట్టుకోలేదంటే లోపల ఏముందో ఎవ్వరూ చూడలేదని కూడా అర్థమే కదా. ఛాంబర్ లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, ఒక్క తూటా ఉండిపోయి ఉంటే?

అది కోల్ట్ 1903 మోడల్, జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసింది, .32 ఏసీపీ అనే సైజు తూటా, మ్యాగజైన్ లో 8 పడతాయి. కోల్ట్ వాళ్ళు 1945 దాకా వీటిని లక్షల్లో చేశారు. పేరులో హ్యామర్‌లెస్ అని ఉంటుంది గానీ హ్యామర్, అంటే తూటా పేలడానికి దెబ్బ కొట్టే ముక్క, ఉంది, స్లైడ్ లోపల దాక్కుని ఉంటుంది, కోటు జేబులోంచి తీసేటప్పుడు బట్టకి తగులుకోకూడదని అలా చేశారు. చూడ్డానికి ఎంత నున్నగా అందంగా ఉంటుందో చెప్పలేను, కానీ ఆ అందమే ఇబ్బంది కూడా, హ్యామర్ ఎక్కి ఉందో దిగి ఉందో బయటికి తెలీదు, ఆఖరి తూటా పేలాక కూడా స్లైడ్ వెనక నిలబడదు మూసుకుపోతుంది, కాబట్టి ఖాళీ పిస్టల్, లోడ్ చేసిన పిస్టల్ పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా ఉంటాయి. పైగా మొదట్లో చేసినవాటికి మ్యాగజైన్ తీసేస్తే పేలకుండా ఆపే ఏర్పాటు లేదు, ఆ తర్వాతి వాటికే పెట్టారు. మ్యాగజైన్ తీసేశాం కదా అని నమ్మడానికి లేదు.

బాబాయి సుత్తి తెస్తానన్నాడు. వద్దని గట్టిగానే చెప్పాను, లోడ్ అయి ఉందనే అనుకుని తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన స్లైడ్ జరిగే పట్టాల సందుల్లో లోపలికి ఇంకే పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి చాలాసేపు వదిలేసి, గొట్టం ఇసక పెట్టెలోకి పెట్టి మెల్లగా కదిపి కదిపి తెరిచాడు. ఛాంబర్ ఖాళీ. పాత నూనె ఎండిపోయి జిగురై, వార్నిష్ పూసినట్టు పట్టేసింది అంతే. బాబాయి "చెప్పానా" అన్నాడు, నేనేం అనలేదు, ఖాళీగా ఉండటం మా అదృష్టం అంతే.

విప్పడం ఆయనే నేర్పాడు. స్లైడ్ ని కొంచెం వెనక్కి లాగి దాని మీదున్న చిన్న గుర్తు ఫ్రేమ్ ముందు అంచుకి సరిగ్గా వచ్చేదాకా పట్టుకుని, బ్యారెల్ ని, అంటే గొట్టాన్ని, తిప్పితే పట్టు వదిలేస్తుంది, స్లైడ్ ముందుకి జారి వచ్చేస్తుంది. స్లైడ్ ని ముందుకి నెట్టే రికాయిల్ స్ప్రింగ్ బ్యారెల్ కింద ఉంటుంది, ఎగిరిపోతుంది జాగ్రత్త, కళ్ళద్దాలు పెట్టుకోండి.

ఇంటికొచ్చి కిటికీలు తెరిచి కూర్చుని మూడు సాయంత్రాలు శుభ్రం చేశాను. ముందు పిడి పలకలు విప్పి పక్కన పెట్టాను, మాది చెక్క, నూనె పీల్చేస్తే పాడవుతుంది. స్క్రూ గాడికి అచ్చంగా సరిపోయే స్క్రూడ్రైవర్ ఉంటేనే తిప్పండి, లేకపోతే ఒక్క జారుడుకి 90 ఏళ్ళు నిలిచిన స్క్రూ తల చెడిపోతుంది. బ్యారెల్ ని వెనక వైపు నుంచే శుభ్రం చేయాలి, సాల్వెంట్ తడిపిన గుడ్డముక్క, కాసేపు ఆగి బ్రాంజ్ బ్రష్, మళ్ళీ గుడ్డ. మొదటి గుడ్డ గోధుమరంగులో వచ్చింది, తుప్పు. ఎందుకంటే ఆ కాలపు తూటాల్లో చాలావాటి ప్రైమర్ లో, అంటే దెబ్బ తగలగానే నిప్పంటుకునే మందులో, పొటాషియం క్లోరేట్ ఉండేది, పేలాక అది పొటాషియం క్లోరైడ్ గా మారి గొట్టంలో మిగులుతుంది, అంటే ఉప్పు లాంటిదే, గాల్లో తేమ లాక్కుని ఇనుముని తినేస్తుంది. నూనె ఎంత రాసినా ఉప్పు కరగదు, వేడినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టి అప్పుడు నూనె రాయాలి. తాతయ్య నూనె రాసే ఉంటారు పాపం, ఆయన శ్రద్ధలో లోపమేం లేదు.

బయట తుప్పు మచ్చలకి నూనె వేసి, చాలా సన్నటి 0000 స్టీల్ ఊల్ తో అతి తేలిగ్గా రుద్దాను. నీలం పాలిష్ చాలాచోట్ల పోయి ఉంది, ముఖ్యంగా ఆయన అరచెయ్యి ఆనే చోట. కొత్తగా బ్లూయింగ్, అంటే ఆ నీలం పాలిష్, చేయించమని చాలామంది చెప్పారు, చేయించను. పాత పిస్టల్ కి అసలు పాలిష్ పోతే విలువ కూడా పడిపోతుంది, కానీ నాకు కారణం అది కాదు, ఆ అరిగిన చోటు ఆయన చెయ్యి.

మళ్ళీ గన్‌స్మిత్ దగ్గరికి. తూటాని కొట్టే ఫైరింగ్ పిన్, పగుళ్ళు, హెడ్‌స్పేస్, అంటే ఛాంబర్ లో తూటా సరిగ్గా కూర్చుంటుందా అన్నది, పేలకుండా ఆపే సేఫ్టీలు రెండూ, ట్రిగ్గర్ పట్టు అన్నీ చూశాడు. రికాయిల్ స్ప్రింగ్ మార్చాలన్నాడు, కొత్తదాని పక్కన పెడితే పాతది వేలెడు పొట్టిగా ఉంది. బలహీనమైన స్ప్రింగ్ తో కాలిస్తే స్లైడ్ వెళ్ళి ఫ్రేమ్ ని బాదుతుంది.

పెట్టెలో తాతయ్య కొన్న తూటాలు కూడా ఉన్నాయి, చిలుం పట్టి. బాబాయి "నాన్నవి రా, ఒక్కటైనా కాలుద్దాం" అన్నాడు, ఆయన గొంతు విని నాకూ మనసు లాగింది. కానీ పాత తూటా ఆలస్యంగా పేలొచ్చు, లేదా సగం బలంతో పేలి బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కోవచ్చు, ఆ వెనకే ఇంకోటి కాలిస్తే గొట్టం పగలొచ్చు. అన్నీ గన్‌స్మిత్ కే ఇచ్చేశాం, కొత్తవి మామూలు ఫుల్ మెటల్ జాకెట్, అంటే బుల్లెట్ కి లోహపు తొడుగు ఉన్నవి, కొన్నాం. కొస గుంటగా ఉండే హాలో పాయింట్ వద్దన్నాడాయన, .32 ఏసీపీకి వెనక చిన్న అంచు ఉంటుంది, అలాంటి పొట్టి తూటాలైతే మ్యాగజైన్ లో ముందుకీ వెనక్కీ జరిగి ఒకదాని అంచు ఇంకోదాని వెనక చిక్కుకుంటుంది.

రేంజ్ లో కళ్ళకి చెవులకి రక్షణ పెట్టుకుని మొదట ఒక్కటే తూటా పెట్టాను. పేలింది, బాగానే. తర్వాత రెండు. రెండే ఎందుకంటే లోపలి సియర్, అంటే హ్యామర్ ని పట్టి ఉంచే కొక్కెం, అరిగిపోయి ఉంటే ఒక్క నొక్కుడుకి రెండూ పేలిపోవచ్చు, అది తెలియాల్సింది మ్యాగజైన్ నిండా ఉన్నప్పుడు కాదు. విడివిడిగానే పేలాయి. తర్వాత ఐదు పెట్టి బాబాయికి ఇచ్చాను. మూడోసారి నొక్కితే టక్ మని శబ్దం, అంతే. ఆయన వెంటనే పిస్టల్ తిప్పి చూడబోయాడు, "బాబాయ్, అటే ఉంచు, టార్గెట్ వైపే" అని అరిచాను, చెవుల మీద మఫ్‌లు ఉన్నా వినిపించింది. ముప్పై సెకన్లు లెక్కపెట్టాం ఇద్దరం. తర్వాత మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగితే ఆ తూటా బయట పడింది, ప్రైమర్ మీద గుంట సరిగ్గానే పడింది, తూటాదే లోపం. మిగిలిన రెండూ కాల్చాడు. దించి, ఖాళీ చేసి, ఛాంబర్ లో చిటికెనవేలు పెట్టి చూసి, నాకు చూపించి మరీ ఇచ్చాడు, ఈసారి ఖాళీయేరా అని మాటతో సరిపెట్టలేదు.

చేతులు సబ్బుతో కడుక్కున్నాం, సీసం అంటుతుంది కాబట్టి అంతకుముందు ఏమీ తినకూడదు. ఆ రాత్రే మళ్ళీ విప్పి శుభ్రం చేశాను, పట్టాల మీద నూనె పల్చగా, మరీ పల్చగా. పాత స్ప్రింగ్ ని కాగితంలో చుట్టి పెట్టెలో ఒక మూల పెట్టాను, పిస్టల్ మాత్రం తాళం వేసిన బీరువాలో, తూటాలు వేరే చోట. వచ్చే నెల బాబాయి మళ్ళీ వస్తానన్నాడు, ఈసారి ఆయనే విప్పుతాడట.