పావుగంట జీతం

ఇక్కడికొచ్చిన తొలి చలికాలంలో నేను భయపడింది కుప్పలుగా పడే మంచుకి. నా ప్రాణం మీదికి తెచ్చింది మాత్రం మంచే కనబడని రోడ్డు.

షిఫ్టు 6 గంటలకు. ఒక్క నిమిషం దాటినా పావుగంట జీతం కోత. ఆ రోజు సున్నాకి ఒక డిగ్రీ కింద ఉంది. రాత్రి చినుకులు పడి ఆగాయి. రోడ్డు ఉత్త తడిలా నల్లగా మెరుస్తుంటే, మంచు లేదు కదా అని రోజూ పోయే వేగంతోనే పోతున్నాను. చిన్న వంతెన ఎక్కగానే స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోయింది. కారు వెనక భాగం మెల్లగా పక్కకి జరిగింది. కంగారులో బ్రేకు తొక్కేశాను. కారు అడ్డంగా తిరిగి రెయిలింగుకి జానెడు దూరంలో ఆగింది.

"బ్లాక్ ఐస్" అన్నాడు నా పక్క మెషీన్ మీద పనిచేసే పెద్దాయన. అంటే కింద రోడ్డు నలుపే కనబడేంత పల్చటి, పారదర్శకమైన ఐసు పొర. వంతెనకి పైనా కిందా చల్లగాలే, కింద నేల వెచ్చదనం ఉండదు కాబట్టి అదే ముందు గడ్డకడుతుందట. మైనస్ 20 కన్నా సున్నా దగ్గరే జారుడెక్కువ, ఐసు మీద సన్నటి నీటిపొర ఉంటుంది అంటే మొదట నమ్మలేదు.

ఆదివారం ఖాళీ పార్కింగులోకి తీసుకెళ్లి, కావాలనే కారు జారేలా చేయించాడు. జారగానే రెండు పెడళ్ల మీదా కాలు తీసెయ్, కారు ఎటు పోవాలో అటు చూడు, స్టీరింగు అటే మెల్లగా తిప్పు అన్నాడు. చెప్పినంత తేలిక కాదు. కళ్లు గుద్దుకోబోయే వస్తువు మీదికే పోతాయి! నేరుగా ఆపాల్సి వస్తే బ్రేకు గట్టిగా నొక్కి పట్టాలి. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసేటప్పుడు పెడల్ కాలికింద దడదడలాడుతుంది. అది చూసి ఏదో విరిగిందని కాలు తీసేశాను. తీయకూడదు.

నా కారుకున్నవి వేసవి టైర్లు. డబ్బు మిగులుతుందని మార్చలేదు. చలికి వాటి రబ్బరు బిగుసుకుపోతుంది. సుమారు 7 డిగ్రీల నుంచే పట్టు తగ్గుతుంది. మూడు శిఖరాల కొండ, లోపల మంచురేకు గుర్తు ఉన్న చలికాలపు టైర్లు నాలుగూ వేయించాను. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే చాలనుకునేవాళ్లున్నారు. అది కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు.

మొన్న అద్దాల మీద ఐసు గీకి, పైకప్పు మీది మంచు దులిపేసరికే ఆలస్యమైంది. వంతెన దగ్గర ఇంకా నెమ్మదించాను. కార్డు పంచ్ చేసేసరికి 6:04. కోసుకుంటే కోసుకోనీ.