స్విఫ్ట్‌లో 2700 ఆర్‌పీఎమ్ హోరు: ఎక్కడ పుట్టింది, ఎలా తగ్గింది

నాది 1.2 లీటర్ పెట్రోల్ స్విఫ్ట్. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో, నెలకు రెండుసార్లు అనంతపురం వెళ్తాను. ఇంజిన్ గొంతు కొంచెం నిండుగా వినపడాలని మూడు నెలల క్రితం ఈ పని మొదలుపెట్టాను. పవర్ కోసం కాదు, ధ్వని కోసమే.

మొదటి వారం, ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి): స్టాక్ (కంపెనీతో వచ్చిన) ఫిల్టర్ డబ్బా తీసి, డబ్బా లేకుండా బయటికే ఉండే కోన్ ఫిల్టర్ బిగించాను. స్పానరు, స్క్రూడ్రైవరు ఉంటే గంటలోపు అయిపోయే పని. ఐడ్లింగ్‌లో తేడా ఏమీ లేదు. యాక్సిలరేటర్ సగం దాటగానే మాత్రం బానెట్ కింద నుంచి లోతైన గుర్రు వచ్చింది. ఇన్‌టేక్ వాల్వుల దగ్గర పుట్టే పీడన తరంగాలు థ్రాటిల్ (యాక్సిలరేటర్‌తో కదిలే గాలి తలుపు) తెరుచుకున్నప్పుడు వెనక్కి ఫిల్టర్ దాకా వస్తాయి. స్టాక్ డబ్బా, దానితో ఉండే రెజొనేటర్ గది (శబ్దాన్ని అణచే ఖాళీ గది) వాటిని మింగేస్తాయి. అవి తీసేశాం కాబట్టి ఇప్పుడు వినపడుతోంది. ఈ శబ్దం నాకు నిజంగా నచ్చింది.

చిక్కు వేడితో వచ్చింది. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ కొలతలు చూపించే పరికరం) పెట్టి చూస్తే లోపలికి వెళ్లే గాలి 61 డిగ్రీలు. అదే దారిలో స్టాక్ డబ్బాతో 46 దాటలేదు.

నాలుగో వారం, ఎగ్జాస్ట్: జేసీ రోడ్‌లో స్ట్రెయిట్ త్రూ మఫ్లర్ (పొగ నేరుగా పోయే సైలెన్సర్) కొన్నాను. లోపల చిల్లుల గొట్టం, చుట్టూ గ్లాస్ వూల్. ఎగ్జాస్ట్ పైపు మధ్యలో ఉన్న రెజొనేటర్ (ఇది పొగ వైపు శబ్దాన్ని అణచేది) తీయించి 2 అంగుళాల స్టీల్ పైపు వెల్డింగ్ చేయించాను. క్యాట్‌కాన్ (పొగలో విషవాయువుల్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్) జోలికి వెళ్లలేదు, వెళ్లకూడదు కూడా. ఊళ్లో తిరుగుతున్నంతసేపు చాలా బాగుంది. అనంతపురం ప్రయాణంలో, దేవనహళ్లి దాటి గంటకు 90 కిలోమీటర్ల వేగంలో స్థిరంగా పోతుంటే, బాగేపల్లి రాకముందే వెనక సీట్లోంచి అమ్మ అంది: "ఒరేయ్, చెవుల్లో ఏదో తిరుగుతున్నట్టుందిరా, కాసేపు ఆపు." ఆపాను. నాకు ఆ క్షణం చాలా బాధేసింది.

టాకోమీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, అంటే ఆర్‌పీఎమ్, చూపించేది) చూస్తే ఆ హోరు సరిగ్గా 2700 దగ్గరే. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు ఫైర్ అవుతుంది. 2700ని 60తో భాగించి 2తో గుణిస్తే 90 హెర్ట్జ్. నేను తీయించిన ఎగ్జాస్ట్ రెజొనేటర్ అణచిపెట్టింది ఆ ధ్వనినే.

ఏడో వారం: దీనికి మందు జే పైపు. పైపు పక్కన ఒక కొస మూసిన గొట్టం అతికిస్తారు. దాని పొడవు తరంగం పొడవులో నాలుగో వంతు ఉంటే, లోపలికి వెళ్లి తిరిగొచ్చిన తరంగం అసలు తరంగానికి ఎదురై దాన్ని చల్లారుస్తుంది. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు అనుకుని 95 సెంటీమీటర్లు కోయించాను. 2700 దగ్గర హోరు అలాగే ఉంది. వింతేమిటంటే 3400 దగ్గర చప్పుడు బాగా పడిపోయింది.

రెండు రోజులు దీని గురించే ఆలోచించాను. 343 అనేది 20 డిగ్రీల గాలిలో లెక్క. ఎగ్జాస్ట్ పొగ వేడిగా ఉంటుంది, అందులో ధ్వని ఇంకా వేగంగా పోతుంది. 3400 అంటే సుమారు 113 హెర్ట్జ్. దాని నుంచి వెనక్కి లెక్కేస్తే నా పైపులో వేగం 430 మీటర్ల దగ్గర ఉంది. అంటే 90 హెర్ట్జ్‌కు కావలసింది 119 సెంటీమీటర్లు. 24 సెంటీమీటర్లు అతికించి మళ్లీ మూయించాను. వంపు తిరిగిన చోట పొడవును గొట్టం మధ్యరేఖ వెంట కొలవాలి, పైనుంచి టేపు పెడితే తప్పొస్తుంది.

పోయిన ఆదివారం అదే దారిలో వెళ్లాం. ఫోన్ యాప్‌లో, వెనక సీటు దగ్గర, 90 వేగంలో 78 డెసిబెల్స్ చూపించేది 71కి దిగింది. ఫోన్ మైకు కొలత కాబట్టి తేడాని మాత్రమే నమ్ముతున్నాను. పెనుకొండ దాటేసరికి అమ్మ నిద్రపోయింది.

చేయాలనుకునేవాళ్లు చట్టం సంగతి ముందే చూసుకోండి. కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చడం గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మాట్లాడుతుంది. శబ్ద ప్రమాణాలు దాటితే 190(2) కింద 10,000 రూపాయల వరకు జరిమానా పడొచ్చు. పాత మఫ్లర్, రెజొనేటర్ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కోసిన పైపుకు రెండువైపులా ఫ్లాంజ్‌లు (బోల్టులతో బిగించే అంచులు) వేయించాను, గంటలో తిరిగి బిగించొచ్చు.

ఇక మిగిలింది ఫిల్టర్ వేడి. వచ్చే వారం అల్యూమినియం రేకుతో దాని చుట్టూ గోడ కట్టి, బంపర్ వెనక నుంచి చల్లగాలి గొట్టం లాగుతాను. మళ్లీ సిల్క్ బోర్డ్ దగ్గరే కొలుస్తాను.