ఏడేళ్ల తరువాత నెల తప్పినప్పుడు

తిరుపతిలో మేముండే వీధిలో ఏడేళ్లపాటు "ఏమైనా విశేషమా?" అని నన్ను అడగనివారు లేరు. ఆ మాట మా ఆయనను మాత్రం ఎవరూ అడగలేదు. మొదటి నాలుగేళ్లు వైద్యం కూడా అలాగే నడిచింది. థైరాయిడ్ పరీక్ష, అండం ఎదుగుదల చూసే స్కాన్లు, గర్భనాళాలు తెరుచుకున్నాయో లేదో తెలిపే హెచ్.ఎస్.జి. ఎక్స్‌రే అన్నీ నాకే చేశారు, అన్నీ బాగున్నాయనే చెప్పారు. అయినా మందులు నాకే రాశారు. ఆ నాలుగేళ్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తరువాత మేము వెళ్లిన వైద్యురాలు మొదటి రోజే ఆయనకు వీర్య పరీక్ష రాశారు. మిల్లీలీటరుకు కనీసం 1.6 కోట్లు ఉండవలసిన శుక్రకణాలు 40 లక్షలే ఉన్నాయని తేలింది. శుక్రకణం తయారు కావడానికి రెండు నెలలకు పైగా పడుతుంది కనుక, సిగరెట్లు మాన్పించి మూడు నెలల తరువాత మళ్లీ చేయించినా పెద్ద మార్పు కనిపించలేదు. ఆ సాయంత్రం ఆయన మా అత్తమ్మ ఎదుట కూర్చుని, "అమ్మా, కొరత నాలో ఉంది, ఇకమీదట తననెవరూ ఏమీ అనొద్దు" అన్నారు. అత్తమ్మ ఏమీ మాట్లాడలేదు కానీ, మరునాడు తన గాజులు తెచ్చి కుదువ పెట్టమని నా చేతిలో పెట్టింది.

ఒక్కొక్క అండంలోకి ఒక్క శుక్రకణాన్ని సన్నని సూదితో పంపే ఇక్సీ పద్ధతిని ఎంచుకున్నాము. పదకొండు రోజులు పొట్టకు ఇంజెక్షన్లు, మత్తులో అండాల సేకరణ, ఆపైన ఒక పిండాన్ని గర్భాశయంలో ఉంచడం. వీటన్నింటికన్నా ఆ తరువాతి రెండు వారాల ఎదురుచూపే నన్ను ఎక్కువగా నలిపింది. రక్తపరీక్షలో, గర్భం నిలిస్తే పెరిగే బీటా హెచ్.సి.జి. అనే హార్మోను పెరిగిందని తెలిసినా సంతోషించడానికి ధైర్యం చాలలేదు. ఏడో వారం స్కాన్‌లో గుండె కొట్టుకోవడం చూశాకనే ఏడ్చాను.

ఇప్పుడు ఐదో నెల. అవయవాలన్నీ సరిగా ఉన్నాయని పోయిన వారం టిఫ్ఫా స్కాన్‌లో చెప్పారు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి ఎక్కుతానన్న నా మొక్కును కాన్పు అయ్యేదాకా ఎత్తవద్దని అత్తమ్మ ఆన పెట్టింది. మొన్న రాత్రి కడుపులో చేపపిల్ల కదిలినట్లు అనిపించింది. బయటికి తెలియడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుందని చెప్పినా వినకుండా, ఆయన చాలాసేపు చేయి తీయలేదు.