తూర్పు నుంచి వచ్చిన లెక్కల మాస్టారు

జాంబియా ఉత్తర ప్రాంతంలో, కసామా పట్టణం నుంచి మట్టిరోడ్డున సగం రోజు ప్రయాణం చేస్తే వచ్చే ఒక కాథలిక్ మిషన్ పాఠశాలలో నేను కొన్నేళ్ళు లెక్కలు చెప్పాను. 1964 అక్టోబరు 24న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశంలో పట్టభద్రులు వందమంది వరకే ఉండడంతో, ఉపాధ్యాయులను విదేశాల నుంచి పిలిపించుకోవడం తరువాత చాలాకాలం సాగింది. నాలాంటి బీయస్సీ, బీయీడీలు అక్కడికి చేరింది అలాగే. జీతం ప్రభుత్వానిది, పెత్తనం మిషన్‌ది.

1985 అక్టోబరులో ప్రభుత్వం విదేశీ మారకాన్ని వేలం వేయడం మొదలుపెట్టింది. డాలరుకు రెండు చిల్లరగా ఉన్న అక్కడి కరెన్సీ క్వాచా కొద్ది వారాల్లో ఐదు దాటిపోయింది. ఇంటికి పంపే డబ్బు సగానికి పైగా కరిగిపోయిందని నేను కాగితం మీద లెక్కలు వేసుకుంటున్న రోజుల్లోనే, ప్రధానోపాధ్యాయురాలైన సిస్టర్ నన్ను పిలిచి, ప్రాథమిక పాఠశాల పిల్లల చేత క్రీస్తు జనన నాటిక వేయించే పని అప్పగించారు. అక్కడ విద్యాసంవత్సరం జనవరిలో మొదలై డిసెంబరు మొదట్లో ముగుస్తుంది కాబట్టి, నవంబరు చివరికల్లా నాటిక అయిపోవాలి. నేను క్రైస్తవుణ్ణి కానని గుర్తుచేస్తే, "మీరు తూర్పు నుంచి వచ్చారు కదా, బాలయేసును చూడడానికి తూర్పు నుంచే వచ్చిన జ్ఞానుల సంగతి మీకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?" అని నవ్వేశారు.

నాకు బొత్తిగా తెలియని సంగతి కూడా కాదు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర అడుగుపెట్టిన గుంటూరులో, ఆ మిషన్ వారి బడిలో చదువుకున్నవాణ్ణి. నాన్నగారి తుండుగుడ్డ తలకు చుట్టుకుని రెండేళ్ళు వరసగా గొర్రెల కాపరి వేషం వేశాను. "పొత్తిగుడ్డలతో చుట్టి" అన్న మాట ఇప్పటికీ మా తెలుగు మాస్టారి గొంతుతోనే వినబడుతుంది.

అప్పట్లో జాంబియాలో ఒకటో తరగతి నుంచే చదువు ఇంగ్లీషులో సాగేది గనుక నాటికను కూడా ఇంగ్లీషులోనే రాశాను. నాలుగు రోజుల సాధనలో పిల్లలు మాటలు అప్పజెప్పారే గాని ఒక్కరి ముఖంలోనూ కదలిక లేదు. వాళ్ళ భాష బెంబాలోకి మార్చుకోమన్నాక ప్రాణం వచ్చింది. బెంబాలో పెద్దలను పేరు పెట్టి ఊరికే పిలవరు, ముందు 'బా' చేరుస్తారు. మన 'గారు' వెనక వస్తుంది, వాళ్ళది ముందు వస్తుంది, అంతే తేడా. దేవదూత "బా మరియా" అని సంబోధించినప్పుడు నాకు ఆ పలకరింపు మన ఇళ్ళలోదిలాగే తోచింది.

అసలు తగువు ప్రసవం దగ్గర వచ్చింది. వంటశాలలో పనిచేసే ఒక పెద్దావిడ సాధన చూస్తూ చూస్తూ లేచి, "బా టీచర్, నొప్పులు పడే పిల్ల పక్కన మొగుణ్ణి కూర్చోబెట్టారేమిటి? పెద్దమ్మలు ఏరి?" అని నిలదీసింది. బెంబావారిలో ఆడపిల్లకు పెద్దమనిషి అయిననాటి తంతులు జరిపించి, కాన్పుకు కూడా దగ్గరుండే అనుభవజ్ఞురాలిని నాచింబుసా అంటారు. మన మంత్రసానికి అక్కచెల్లెలు అనుకోవచ్చు. లూకా సువార్తలో మంత్రసాని లేదని నేను వాదించలేకపోయాను, ఎందుకంటే మేము ఎంతో శ్రద్ధగా తలుపు వేయించిన సత్రం యజమాని కూడా అందులో లేడు, సత్రంలో స్థలం లేదన్న మాట తప్ప. జ్ఞానులు ముగ్గురని మత్తయి కూడా చెప్పలేదు. కానుకలు మూడు గనుక మనుషులను మూడుగా లెక్కగట్టారు, లెక్కల మాస్టారిగా నేను ఒప్పుకోని పద్ధతి అది. చివరికి యోసేఫును పాక బయటికి పంపి, ఇద్దరు పిల్లలకు ముసలమ్మల వేషం కట్టాము.

కానుకల విషయం పిల్లలే తేల్చేశారు. బంగారం సరే, సాంబ్రాణి, బోళం అంటే ఏమిటని అడిగితే సువాసనలు వేసే జిగురని చెప్పాను. ఐదో తరగతి కుర్రవాడొకడు చాలాసేపు ఆలోచించి, పసిబిడ్డ ఉన్న ఇంటికి సబ్బు తీసుకెళ్ళాలి గాని జిగురెందుకు అన్నాడు. ఆ నెలలో దుకాణంలో సబ్బు లేదు, వంటనూనె లేదు, పంచదార వచ్చిన రోజున చీకటితోనే వరస కట్టేవారు. కాబట్టి ఆ మూడే కానుకలయ్యాయి. సబ్బు నాది, ఉన్న ఒక్క కడ్డీ.

నాటిక రోజు మధ్యాహ్నం పెద్దవాన కురిసి, చీకటి పడేసరికి వెలిసింది. జనరేటరుకు డీజిలు లేక, వెదురుగడకు పెట్రోమాక్స్ దీపం కట్టి దానినే తార అనిపించాము. జ్ఞానులు తారను చూపిస్తూ వేదిక ఎక్కగానే ఉసిళ్ళు వచ్చిపడ్డాయి, ఒకటీ రెండూ కాదు, దీపం మసకబారేంతగా. అక్కడ వాటిని ఇన్‌స్వా అంటారు, రెక్కలు దులిపి వేయించుకుని తింటారు, మన పల్లెల్లో తినేవాళ్ళున్నట్టే. ముందు కాపరులు కర్రలు పడేశారు, తరువాత దేవదూత దిగింది, ప్రేక్షకులు గిన్నెలకోసం ఇళ్ళకు పరిగెత్తారు. మరియ వేషం వేసిన పిల్ల ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, తొట్టిలో బిడ్డను తీసి, నడుం వంచి వీపున వేసుకుని, చితెంగె గుడ్డ చుట్టూ తిప్పి రొమ్ము మీద ముడివేసుకుని, రెండు చేతులూ ఖాళీ అయ్యాక దీపం కిందికి వచ్చి కూర్చుంది. బట్టతో చేసిన ఆ బిడ్డ తల ఆమె భుజం మీదుగా ఊగుతూ ఉంది. గాయకబృందం మాత్రం పాట ఆపలేదు.

అంతా సద్దుమణిగాక చూస్తే పళ్ళెంలో నూనె సీసా, పంచదార పొట్లం ఉన్నాయి, సబ్బు లేదు. సిస్టర్ వెదికించబోతే వంటశాల పెద్దావిడ అడ్డుపడి, "బిడ్డకు ఇచ్చింది తిరిగి అడుగుతారా?" అంది. జనవరిలో మళ్ళీ బడి తెరిచేదాకా నేను బట్టలు ఉత్తనీళ్ళలోనే జాడించుకున్నాను.