శేషాచలం రాతి సందుల్లో బంగారు బల్లి: గుడ్ల గోడ లెక్క

ఈ విడత పరిశీలనలో నేను పెట్టుకున్న పని ఒక్కటే. తలకోన వైపు సందర్శకులను అనుమతించే దారి పక్కనే, చెట్ల నీడలో ఉన్న ఒక రాతి గోడ మీద బంగారు బల్లులు పెట్టిన గుడ్లలో ఏవి కొత్తవో, ఏవి పాతవో తేల్చి రాసుకోవాలి. బల్లిని వెతికి చూడడం కన్నా ఇది చిక్కైన పని. ఈ జాతిలో పలు ఆడబల్లులు ఒకే సందును ఎంచుకుని గుడ్లను రాతికి అతికించి పెడతాయి, ఆ చోటునే మళ్లీ మళ్లీ వాడుకుంటాయి. అందుచేత నిండు గుడ్డు, పిల్ల బయటికి పోయిన ఖాళీ పెంకు, ఎప్పుడో రాలిపోయిన పెంకు మిగిల్చిన తెల్లని వలయం ఒకే గోడ మీద పక్కపక్కనే కనబడతాయి.

కేలోడాక్టిలోడెస్ ఆరియస్ అనే ఈ బల్లిని 1870లో బ్రిటిష్ సైనికాధికారి, ప్రకృతి పరిశోధకుడు బెడోమ్ తిరుపతి కొండల నుంచి వర్ణించాడు. ఆ తర్వాత చాలాకాలం అది పరిశోధకుల కంట పడలేదు. 1980ల మధ్యలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు మళ్లీ ఈ కొండల్లోనే గుర్తించారు. అటుపైన పాపికొండల్లోనూ, ఒడిశాలోనూ, తమిళనాడులోని వేలూరు పరిసరాల్లోనూ కనిపించింది. దీనికి దగ్గరి చుట్టం ఒక్కటే ఉంది, అదీ శ్రీలంకలో. దారిన పోయేవారు ఆగి అడిగినప్పుడు బంగారు బల్లి అని చెబితే, "కంచిలో తాకి వచ్చాం కదండీ" అని సాగిపోతుంటారు. వరదరాజ పెరుమాళ్ గుడి పైకప్పు మీది బల్లికి ఉన్న పేరు ఈ ప్రాణికి ఇంకా రాలేదు.

ఈ కొండల్లో గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి పొరలు పరచుకుని ఉంటాయి. పొరకూ పొరకూ మధ్య అడ్డంగా సందులు, వాటిని కోస్తూ నిలువు బీటలు ఏర్పడడం వల్ల పగలంతా ఎండ సోకని లోతైన అరలు దొరుకుతాయి. బంగారు బల్లికి కావలసినది సరిగ్గా అదే. బయటి రాయి చేయి పెట్టలేనంతగా కాలుతున్న వేళలో కూడా సందు లోపలి గోడ చల్లగానే ఉండడం గమనించాను. వాగు పక్క బండలైతే చాలునని మొదట్లో చాలామంది అనుకుంటారు కానీ, నా అంచనాలో నీటి దగ్గరితనం కన్నా సందు లోతు, పైన చూరులా ముందుకు వచ్చిన రాయి ఎక్కువ ముఖ్యం. వానకు తడిసే గోడ మీద గుడ్లు నాకు కనబడలేదు.

శరీర నిర్మాణంలో తేడా కాళ్ల వేళ్ల దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. సన్నని వేలు చివరికి వచ్చేసరికి వెడల్పై, నడుమ చీలిక ఉన్న రెండు పలకలుగా విచ్చుకుంటుంది. ఇంటి బల్లి వేలి కింద వరుసగా కనిపించే అడ్డపట్టీల అమరిక ఇక్కడ లేదు. నిలువు రాతి మీద పట్టు దొరకడానికి బల్లుల పాదాల కింద ఉండే అతి సూక్ష్మమైన రోమాలు కారణం. వాటి కొనలు రాతి ఉపరితలానికి ఎంత దగ్గరగా ఆనుతాయంటే, అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణే బల్లి బరువును మోయగలుగుతుంది. జిగురుతో గానీ గాలి పీల్చుకోవడంతో గానీ పని లేదు. కంటికి కదిలే రెప్ప లేదు, దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటుంది. ఇక రంగును బట్టి ఆడా మగా తేల్చేయడం తొందరపాటు. నిండు పసిమి రంగు మగవాటిలో జతకట్టే కాలంలో కనిపిస్తుంది, ఆడవీ పిల్లలూ గోధుమ రంగులో, నల్లని మరకలతో రాతిలో కలిసిపోతాయి. చీకటి పడే వేళకు సందుల్లోంచి వచ్చే కిచకిచలే బల్లులు ఎక్కడున్నాయో ముందుగా చెబుతాయి.

ఇప్పుడు గుడ్ల సంగతి. ఆడబల్లి సాధారణంగా ఒక కాన్పుకు రెండు గుడ్లు పెడుతుంది. పెట్టినప్పుడు పెంకు మెత్తగా, తడిగా ఉండి, గాలికి ఆరి గట్టిపడేలోగా రాతికి అతుక్కుపోతుంది. అందుకే రాతిని ఆనిన వైపు చదునుగా ఉంటుంది. తల్లి పొదగదు, ఆ పని సందులోని వెచ్చదనానిదే. పుట్టే పిల్లకు పెంకు పగలగొట్టుకోవడానికి ముట్టె కొసన జంట పళ్లుంటాయి. తొండలు, నలికిరుల వంటి వాటిలోనూ పాములలోనూ సాధారణంగా ఒకటే ఉంటుంది. ఈ వివరాల ఆధారంగానే లెక్క కుదిరింది. అంచులు ఆనుకుని, ఒకే రకం మెరుపుతో ఉన్న రెండింటిని ఒక కాన్పుగా రాసుకుంటాను. ఒక పక్క గుండ్రని రంధ్రం ఉంటే పిల్ల పోయినట్టు. సొట్టపడి, పసుపు తిరిగితే చెడినట్టు. వట్టి వలయాలను వేరే పట్టీలో వేస్తాను. వలయాలను కూడా కలిపేస్తే ఏళ్ల తరబడి పెట్టినవన్నీ ఈ ఏటి ఖాతాలో పడతాయి.

పరికరాల విషయానికి వస్తే, పన్ను వైద్యులు వాడే చిన్న అద్దాన్ని సెల్ఫీ స్టిక్ కొసకు కట్టి సందులోకి చాపితే, మొహం లోపలికి పెట్టకుండానే లోపలి కప్పు కనబడుతుంది. ఎర్ర కాగితం చుట్టిన టార్చి చాలు, ఫ్లాష్ వాడను. రాతి మీద సుద్దతో అంకెలు వేయకుండా, ఒకే బండ మీద నిలబడి ఒకే ఎత్తు నుంచి ఫొటో తీసి, ముద్రించిన కాగితం మీద ఒక్కో గుడ్డుకు సంఖ్య వేసుకుంటాను. కొలతపట్టీని గుడ్లున్న తలంలోనే ఆనించి పట్టుకోవాలి, ముందుకు వస్తే కొలత తప్పుతుంది. సందులో చేయి పెట్టకూడదు. పాములూ తేళ్లూ అక్కడే ఉంటాయి, పైన కొండతేనె పట్టు ఉందేమో కూడా చూసుకోవాలి. ఈ అడవి 1989 నుంచి జాతీయ ఉద్యానవనం, చిరుతలు తిరిగే చోటు కనుక, అటవీ సిబ్బంది చెప్పిన వేళకు వెనుదిరగడం తప్పనిసరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ బల్లికి రక్షణ ఇస్తున్నది. పట్టుకోవడం, పెంచుకోవడం నేరాలు. అమ్మకానికి పట్టేవారి కంట పడకుండా గోడ ఉన్న చోటును ఎక్కడా రాయడం లేదు.

ఈశాన్య రుతుపవనాల వానలు ఆగాక అదే బండ మీది నుంచి మళ్లీ ఫొటో తీస్తాను. సంఖ్య వేసిన జంటల్లో ఎన్నింటికి రంధ్రం పడిందో, ఎన్ని సొట్టపడ్డాయో అప్పుడు పాత కాగితంతో పోల్చి రాయాలి. సందు ఎడమ కొసన వేరొక కొత్త జంట మొదలైంది, దానికి ఇంకా సంఖ్య వేయలేదు.