ఇంటిపేరు ఏ గడిలో పడింది?

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు మొదట తెరిచేది అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఇళ్ళ విలువ కట్టే సంస్థ) వెబ్‌సైటు. అడ్రసు కొట్టగానే ఓనరు పేరు, చదరపు అడుగులు, కట్టిన సంవత్సరం, పన్ను విలువ అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆ పేజీ పన్ను వేయడానికి పెట్టుకున్న లెక్క. మన ఊళ్ళో ఇంటిపన్ను రసీదు ఎవరి పేరున ఉందో చూసి ఇల్లు కొనేయం కదా, లింకు దస్తావేజులు అడుగుతాం, ఈసీ తీయిస్తాం. టెక్సస్‌లో ఆ పని కౌంటీ క్లర్క్ (మన సబ్‌రిజిస్ట్రారు లాంటి ఆఫీసు) రికార్డుల్లో చెయ్యాలి. క్లర్క్ దగ్గర డీడ్ (అమ్మకం దస్తావేజు) రికార్డయ్యాక అప్రైజల్ వాళ్ళు దాన్ని చూసి తమ పేజీలో పేరు మారుస్తారు. అందుకు వారాలు పట్టొచ్చు, ఎక్కించడంలో తప్పూ దొర్లొచ్చు.

అయినా ఆ పేజీతో పనుంది. అందులో రెండు విషయాలు రాసుకోండి. ఒకటి, లీగల్ డిస్క్రిప్షన్: ఫలానా సబ్‌డివిజన్, ఫేజ్ 2, బ్లాక్ సి, లాట్ 12 అన్నట్టు ఉంటుంది. మన చెక్కుబందీ చేసే పని ఇక్కడ ఈ ఒక్క లైను చేస్తుంది, ఎందుకంటే హద్దుల కొలతలన్నీ ముందే రికార్డయిన ప్లాట్ మ్యాపులో ఉంటాయి. రెండోది, చివరి డీడ్ ఇన్‌స్ట్రుమెంట్ నంబరు.

తర్వాత ఏ కౌంటీయో తేల్చుకోండి. టెక్సస్‌లో 254 కౌంటీలు, ఎవరి రిజిస్టరు వాళ్ళదే. ఊరి పేరు నమ్మకండి. ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా మూడూ కాలిన్, డెంటన్ కౌంటీల్లోకి చెరికొంత పడతాయి. డెంటన్‌లో ఉన్న ఇంటికోసం కాలిన్‌లో వెతికితే ఒక్క కాగితమూ రాదు. దాన్ని చూసి ‘అప్పులేమీ లేవు’ అనుకోవడం అసలు ప్రమాదం. వెతుకులాటలో ఖాళీగా వచ్చిన పేజీని ఎప్పుడూ అనుమానించాలి.

నంబరుతో డీడ్ తెరిచాక ముందు శీర్షిక చదవండి. జనరల్ వారంటీ డీడ్ అయితే అమ్మినవాడు తన ముందువాళ్ళ కాలంలో వచ్చిన చిక్కులకీ పూచీ పడుతున్నాడు. స్పెషల్ వారంటీ డీడ్‌లో తన చేతిలో ఉన్న కాలానికే పూచీ. బిల్డర్లు తరచూ ఇదే ఇస్తారు. ‘స్పెషల్’ అన్న మాట చూసి ఎక్కువనుకోకండి, అది తక్కువ. క్విట్‌క్లెయిమ్‌లో ఏ పూచీ లేదు. మధ్యలో ఎక్కడైనా అది కనిపిస్తే ఎందుకు వచ్చిందో తెలిసేదాకా ముందుకు పోవద్దు. ధర కోసం మాత్రం వెతకొద్దు. టెక్సస్‌లో అమ్మకం ధర రికార్డు చెయ్యక్కర్లేదు. డీడ్‌లో ‘పది డాలర్లు, ఇతర విలువైన ప్రతిఫలం’ అని ఉంటుంది. అది ఎప్పటినుంచో నడుస్తున్న వాడుక మాట. ‘వెండార్స్ లియెన్’ (లియెన్ అంటే బాకీ కోసం ఆస్తి మీద పెట్టే హక్కు) అని ఉంటే కొన్నవాళ్ళు అప్పు చేశారన్నమాట. సాధారణంగా ఆ వెంటనే వచ్చే నంబరులోనే తనఖా కాగితం, అంటే డీడ్ ఆఫ్ ట్రస్ట్, దొరుకుతుంది.

ఇక పేర్ల సంగతి. మనవాళ్ళకి ఎక్కువ చిక్కు ఇక్కడే.

క్లర్క్ సూచిక ప్రధానంగా పేర్లమీద నడుస్తుంది: ఇచ్చినవాడు గ్రాంటర్, పుచ్చుకున్నవాడు గ్రాంటీ. చాలా పోర్టళ్ళలో సబ్‌డివిజన్, లాట్ పెట్టి కూడా వెతకొచ్చు. అయితే అందులో దొరికేవి లాట్ నంబరు రాసి ఉన్న కాగితాలే. కోర్టు డిక్రీ మీద వేసే అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ జడ్జ్‌మెంట్, కేంద్రం వేసే ఫెడరల్ టాక్స్ లియెన్ మనిషి మీద పడతాయి. వాటిలో లాట్ ప్రస్తావనే ఉండదు. ఆ కౌంటీలో ఆ మనిషికున్న స్థిరాస్తికి అవి అంటుకుంటాయి. సొంతంగా కాపురముండే ఇంటికి కోర్టు డిక్రీల నుంచి టెక్సస్ చట్టం పెద్ద రక్షణ ఇస్తుంది, కానీ అమ్మేటప్పుడు టైటిల్ కంపెనీ (హక్కులు పరిశీలించి ఇన్సూరెన్సు ఇచ్చే సంస్థ) దాన్ని తేల్చకుండా క్లోజింగ్, అంటే అమ్మకం పూర్తి, చెయ్యదు. కాబట్టి అమ్మేవాళ్ళ పేర్లతో వెతకడం తప్పదు.

అమ్మేవాళ్ళూ మనవాళ్ళే అయితే, వెంకట సాయి కృష్ణ అన్న పేరు తీసుకోండి. ఇంటిపేరు సరైన గడిలో పడితే సరే. పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగా ఉంటే వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, ముందు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) పడుతుంది. లైసెన్సు, లోను, డీడ్ అన్నీ ఆ దారినే పోతాయి. ఇంకోచోట ‘కృష్ణ’ ఒక్కటే ఇంటిపేరై కూర్చుంటుంది. మరోచోట అసలు ఇంటిపేరు ముందుకొచ్చి ‘వెంకట’ చివరికి పోతుంది. క్లర్క్ ఆఫీసు కాగితం మీద ఎలా ఉంటే అలా ఎక్కిస్తుంది. మన పేరు సరిచెయ్యడం వాళ్ళ పని కాదు. దానికితోడు స్పెల్లింగు: లక్ష్మిని ‘కె-ఎస్-హెచ్’తో రాసేవాళ్ళున్నారు, ‘ఎక్స్’తో రాసేవాళ్ళున్నారు. చౌదరి చివర ‘వై’నో ‘ఐ’నో. పెళ్ళికి ముందు ఇంటిపేరుతో ఇల్లు కొని, తర్వాత పాస్‌పోర్టు మార్చుకున్న ఆడవాళ్ళ పేర్లు రెండేసి.

అందుకని పూర్తి పేరు ఒక్కసారి కొట్టి వదిలెయ్యకండి. ఇంటిపేరులో మొదటి నాలుగైదు అక్షరాలతో మొదలుపెట్టండి. తర్వాత పేరులోని ఒక్కో ముక్కనూ ఇంటిపేరుగా పెట్టి చూడండి. భార్యాభర్తలిద్దరికీ విడివిడిగా, గ్రాంటర్‌గా ఒకసారి, గ్రాంటీగా ఒకసారి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది: డీడ్ ఆఫ్ ట్రస్ట్‌లో అప్పు తీసుకున్నవాడే గ్రాంటర్, ఎందుకంటే ఆస్తిని తనఖాగా ఇస్తున్నది అతనే. అప్పు తీరాక వచ్చే రిలీజ్‌లో అతను గ్రాంటీ. ఒకవైపే వెతికితే అప్పు కనిపించి, తీరినట్టు కనిపించదు. అమ్మేవాళ్ళు కొన్న తేదీ నుంచి ఇవాళ్టిదాకా చూడండి. పోర్టల్ ఏ తేదీ వరకు సూచిక పూర్తిచేసిందో కూడా గమనించండి. గతవారం దాఖలైనవి ఇంకా ఎక్కి ఉండకపోవచ్చు.

రెడ్డి, రావు లాంటి పేర్లతో ఎవరిదో డిక్రీ మీ అమ్మకందారుకి తగులుకోవడం మామూలే. కంగారు పడకుండా ఆ కాగితం తెరవండి. అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ జడ్జ్‌మెంట్‌లో, వివరాలు దొరికినంతమేరకు, ప్రతివాది పుట్టినతేదీ, లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ నంబర్లలో చివరి మూడేసి అంకెలు, అడ్రసు ఉంటాయి. మనిషి వేరైతే ‘అతను నేను కాదు’ అని అమ్మేవాళ్ళు నోటరీ ముందు అఫిడవిట్ ఇస్తారు. క్లోజింగ్ రోజు పొద్దున ఈ గొడవ బయటపడితే లోను వడ్డీ రేటు ఖాయం చేసిన (లాక్) గడువు దాటిపోవచ్చు. రెండు వారాల ముందే తెలిస్తే ఒక సంతకంతో పోతుంది.

అప్పుల లెక్క చాలా తేలిక: అమ్మేవాళ్ళ పేరున డీడ్ ఆఫ్ ట్రస్ట్‌లు ఎన్ని, రిలీజ్‌లు ఎన్ని? వడ్డీలు పడిపోయిన 2020, 2021లో రీఫైనాన్స్ చేసినవాళ్ళకి రెండు మూడు డీడ్ ఆఫ్ ట్రస్ట్‌లు ఉంటాయి. ఇప్పుడు నడుస్తున్నది తప్ప ప్రతిదానికీ ఒక రిలీజ్ ఉండాలి, అందులో పాత ఇన్‌స్ట్రుమెంట్ నంబరు సరిగ్గా ఉండాలి. రిలీజ్ మీద బ్యాంకు పేరు బదులు ‘మెర్స్’ అన్న సంస్థ పేరు ఉంటే భయపడొద్దు. బ్యాంకుల తరఫున నామినీగా నిలబడే సంస్థ అది.

ఇంటి మీద సోలార్ పలకలుంటే ఫిక్స్‌చర్ ఫైలింగ్ (ఇంటికి బిగించిన వస్తువు మీద అప్పిచ్చినవాళ్ళ హక్కు నమోదు చేసే యూసీసీ కాగితం) ఉందేమో చూడండి. పలకల మీద లోనుగానీ లీజుగానీ ఉంటే అది క్లర్క్ దగ్గర కనబడే అవకాశం ఎక్కువ. అమ్మేవాళ్ళు తీర్చేస్తారా, మీరు నెత్తిన వేసుకుంటారా అన్నది ఒప్పందంలోనే రాయించుకోండి. ఈత కొలను తవ్వించినవాళ్ళు, రూఫ్ మార్పించినవాళ్ళు డబ్బు ఎగ్గొడితే మెకానిక్స్ లియెన్ అఫిడవిట్ ఉండొచ్చు. హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) బాకీలూ అంతే.

టైటిల్ కంపెనీ ఇదంతా చేస్తుంది కదా అంటే, చేస్తుంది. వాళ్ళిచ్చే టైటిల్ కమిట్‌మెంట్‌ని (ఏ షరతుల మీద ఇన్సూరెన్సు ఇస్తారో చెప్పే కాగితం) మాత్రం చదవకుండా సంతకం పెట్టొద్దు. షెడ్యూల్ బిలో ఉన్నవి ఇన్సూరెన్సు వర్తించని మినహాయింపులు: ఈజ్‌మెంట్లు (మీ స్థలంలో కరెంటు తీగ, కాలువ లాంటి వాటికి ఇతరులకున్న వాడుక హక్కు), హెచ్ఓఏ షరతులు, ఖనిజ హక్కులు. షెడ్యూల్ సిలో ఉన్నవి క్లోజింగ్‌లోగా తీరాల్సినవి. షెడ్యూల్ బిలో ప్రతి అంశం పక్కనా సాధారణంగా రికార్డు నంబరు ఉంటుంది. ఒక్కొక్కటీ తెరిచి చూడండి. పెరట్లో కొలను కట్టాలనుకునేవాళ్ళు ఈజ్‌మెంటు వెడల్పు ఎన్ని అడుగులో కొనకముందే ప్లాట్ మీద కొలిచి చూసుకోవాలి.

కొత్త ఇల్లయితే పన్ను దగ్గర ఇంకో దెబ్బ. విలువ జనవరి 1 నాటి స్థితిని బట్టి కడతారు. ఆ రోజుకి ఖాళీ స్థలమే ఉంటే, ఆ ఏడాది బిల్లు స్థలానికే వస్తుంది. మరుసటి ఏడాది ఇంటితో కలిపి వచ్చాక ఎస్క్రో (పన్ను కోసం కిస్తీతో కలిపి దాచే సొమ్ము) చాలక నెల కిస్తీ ఒక్కసారిగా పెరుగుతుంది. అప్రైజల్ పేజీలో ‘ఇంప్రూవ్‌మెంట్’ (స్థలం మీదున్న కట్టడం విలువ) గడిలో ఎంత ఉందో చూస్తే ఇది ముందే తెలిసిపోతుంది.

క్లోజింగ్ అయిన కొన్ని వారాలకి మీ డీడ్‌ని మీరే వెతకండి. మీ పేరు మీరు వెతికినట్టే దొరుకుతోందా, లాట్, బ్లాక్ సరిగ్గా ఉన్నాయా? అక్షరం తప్పులాంటి చిన్న పొరపాట్లకి టెక్సస్‌లో కరెక్షన్ ఇన్‌స్ట్రుమెంట్ చాలు, విషయం తెలిసిన వ్యక్తి దాన్ని దాఖలు చెయ్యొచ్చు. డీడ్‌లో ఇంకో స్థలం కలపడం, తీసెయ్యడం లాంటి పెద్ద మార్పులకి మాత్రం డీడ్‌లో ఉన్న పార్టీలందరూ, లేదా వాళ్ళ వారసులు, మళ్ళీ సంతకం చెయ్యాలి. టైటిల్ కంపెనీ ఫైలు ఇంకా చేతిలో ఉండగానే అడగడం మంచిది.

ఈలోగా ఆఫీసు ముద్రలా కనిపించే ఉత్తరాలు వస్తాయి: మీ డీడ్ కాపీకి ఇంత, హోమ్‌స్టెడ్ (సొంతంగా కాపురముండే ఇంటికి పన్ను మినహాయింపు) నమోదుకి ఇంత అని. ఏదీ కట్టకండి. క్లర్క్ దగ్గర మామూలు కాపీ పేజీకి 1 డాలరు, సర్టిఫైడ్ అయితే దానిమీద ఇంకో 5. హోమ్‌స్టెడ్ మినహాయింపు దరఖాస్తు ఉచితం, గ్రీన్‌కార్డు అక్కర్లేదు. లైసెన్సు మీద అడ్రసు ఆ ఇంటిదై ఉండాలి. 2025 నవంబరులో ఓటర్లు ఒప్పుకున్నాక స్కూలు పన్నులో ఆ మినహాయింపు 1,40,000 డాలర్లయింది.

చివరగా డీడ్‌లో పేర్లెన్ని ఉన్నాయో చూడండి. లోను ఒక్కరి పేరునే ఉన్నా డీడ్‌లో ఇద్దరి పేర్లూ పెట్టించుకోవచ్చు. హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్న భార్యలు లోనులో లేరని డీడ్‌లోనూ వదిలేస్తుంటారు, అది అక్కర్లేని పొరపాటు. ఇద్దరి పేర్లూ ఉన్నంతమాత్రాన, ఒకరు పోతే వాళ్ళ వాటా దానంతటది ఇంకొకరి పేరుకి మారదు. రాసుకున్న సర్వైవర్‌షిప్ ఒప్పందం ఉండాలి, లేదా 2015 నుంచి టెక్సస్‌లో ఉన్న ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ డీడ్ (పోయాక ఇల్లు ఎవరికి చెందాలో చెప్పే కాగితం) ఉండాలి. ఈ రెండోదాన్ని నోటరీ చేయించి బీరువాలో దాచుకుంటే చెల్లదు. రాసిన మనిషి బతికుండగానే ఇల్లున్న కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డయి ఉండాలి. పేరు డీడ్‌లో ఉన్న అదే స్పెల్లింగుతో రాయించండి.