రెండో టచ్

గురువారం రాత్రి. స్నానం చేసి వచ్చినా చెవి వెనక ఇసుక తగులుతూనే ఉంది. మా ఆయన కారు మ్యాట్లు దులిపి బాల్కనీలో వేశాడు, ఒక్క మాట అనకుండా. ఆయన ఏమీ అనలేదంటే గట్టిగానే అన్నట్టు.

సాయంత్రం ఐదున్నరకి ఇంకా ఆఫీసు కాల్‌లోనే ఉన్నాను. కెప్టెన్ మెసేజ్ వచ్చింది. "వస్తున్నావు కదా? నువ్వు రాకపోతే మ్యాచ్ వదులుకోవాల్సిందే." అమెరికాలో కొలంబస్ శివారులో మేం ఆడే ఈ వేసవి ఇసుక వాలీబాల్ లీగ్‌లో జట్టుకి ఆరుగురు. అందులో ఆడవాళ్లు కనీసం ఇద్దరుండాలి. ఈ వారం ఒకావిడ ఊరెళ్లింది, ఇంకొకావిడకి మడమ బెణికింది. మిగిలింది నేనూ, నర్సుగా పనిచేసే ఇంకో అమ్మాయీ. నా ఆట కోసం పిలుస్తున్నారా, తలకాయల లెక్క కోసమా అనుకుంటూనే ఇసుక సాక్స్ వెతుక్కున్నాను. జులైలో ఆ కోర్టు మీద వట్టి కాళ్లతో నిలబడితే పెనం మీద నిలబడ్డట్టే.

ఇక్కడ ఇంకో రూల్ కూడా ఉంది. మన వైపు బంతి ఒకసారి కన్నా ఎక్కువ తగిలితే, ఆ తగలడాల్లో ఒకటైనా ఆడవాళ్లది అయ్యుండాలి. లేకపోతే పాయింట్ అవతలి వాళ్లకి. మొదట విన్నప్పుడు సంతోషించాను. రెండు మ్యాచ్‌లు ఆడాక అర్థమైంది, కొందరు నాకు బంతి ఇవ్వడం ఇంటి పన్ను కట్టినట్టు ఇస్తారని. కట్టాలి కాబట్టి కడతారు. రసీదు చేతికి రాగానే మళ్లీ మన మొహం చూడరు.

నెట్ మాత్రం మగవాళ్ల ఎత్తే, 2.43 మీటర్లు. ఆడవాళ్ల నెట్ 2.24. ఆ 19 సెంటీమీటర్లు నా లాంటి ఐదడుగుల రెండంగుళాల మనిషికి ఎంత దూరమో, కింద నిలబడి పైకి చూస్తే తెలుస్తుంది. 1895లో మసాచుసెట్స్‌లో విలియం మోర్గాన్ ఈ ఆట కనిపెట్టినప్పుడు నెట్ ఎత్తు ఆరున్నర అడుగులేనట. బాస్కెట్‌బాల్ ఆడి ఆయాసపడే వ్యాపారస్తుల కోసం పెట్టిన ఆట మరి. దాన్నలా వదిలేసి ఉంటే నేనూ స్మాష్ కొట్టేదాన్నేమో.

ఆరున్నరకి మొదలుపెట్టి నాలుగు పాయింట్లు ఆడామో లేదో, పడమట ఉరిమింది. ఉరుము వినపడితే ఆట ఆపాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. అందరూ ఎవరి కార్లలోకి వాళ్లు పరిగెత్తారు. మా జట్టులోని హైదరాబాద్ కుర్రాడికి కారు లేదు, నాతోనే వస్తాడు. ఇద్దరం అద్దాల మీద వాన చూస్తూ జంతికలు తిన్నాం. ఏదో మాటల్లో సింధు ప్రస్తావన వచ్చింది. "వాళ్ల అమ్మా నాన్నా ఇద్దరూ వాలీబాల్ ప్లేయర్లే అక్కా, తెలుసా? రమణ గారు 1986 సియోల్ ఏషియాడ్‌లో బ్రాంజ్ కొట్టిన టీంలో ఉన్నరు" అన్నాడు. తెలుసన్నాను. ఆ పతకం కబుర్లు మా అన్నయ్య ఎన్నిసార్లు చెప్పాడో.

తర్వాత ఆ పిల్లాడు చాలా మంచిగా, నాకు సాయం చేస్తున్నట్టే అన్నాడు. "అక్కా, మీరు టెన్షన్ పడకుర్రి. సెకండ్ టచ్ మీకిస్తే రూల్ అయిపోతది. తర్వాత నేను చూసుకుంటా."

నవ్వొచ్చింది. సెకండ్ టచ్ అంటే ఏమనుకుంటున్నాడో! మొదటిది వచ్చిన బంతిని కాచుకోవడం, మూడోది కొట్టడం. మధ్యలో ఉన్నదే కదా ఆట. ఎవరికి ఎత్తాలి, ఎంత ఎత్తు, నెట్‌కి ఎంత దగ్గరగా, అన్నీ ఆ రెండో మనిషి చేతుల్లోనే తేలాలి. రూల్ తీరిపోతుందని వీళ్లు నాకు పడేస్తున్నది ఆ బంతి!

తెనాలి దగ్గర మా ఊళ్లో దాన్ని లిఫ్ట్ అంటారు, ఆడే మనిషి లిఫ్టర్. హైస్కూల్ గ్రౌండ్‌లో మా అన్నయ్య లిఫ్టర్. సంక్రాంతి టోర్నమెంట్లలో గెలిస్తే జనం స్మాష్ కొట్టినవాణ్ణి భుజాల మీద ఎక్కించుకునేవాళ్లు. అన్నయ్య ఒక పక్కన నిలబడి వేళ్లకి చుట్టిన ప్లాస్టర్లు పీక్కునేవాడు. ఆడపిల్లల్ని ఎవరూ ఆడమనలేదు. రమ్మననూ లేదు, పొమ్మననూ లేదు. జొన్నచేలోకి పోయిన బంతి తెచ్చివ్వడం నా పని. బంతి ఇచ్చేటప్పుడు రెండు క్షణాలు ఎక్కువసేపు చేతుల్లో ఉంచుకునేదాన్ని.

ఆ లిఫ్ట్ అనే మాట వల్లే ఇక్కడ కొత్తలో పరువు పోయింది. మా జట్టులో పొడుగాయన బంతి లేపబోతుంటే నేను ఉత్సాహంగా "లిఫ్ట్! లిఫ్ట్!" అని అరిచాను. ఆయన బంతి చేత్తో పట్టేసుకున్నాడు. అవతలి వాళ్లు ఆగిపోయారు. ఇక్కడ లిఫ్ట్ అంటే తప్పు. బంతిని అరచేతుల్లో నిలిపి మోస్తే పాయింట్ పోతుంది. రిఫరీ లేని లీగ్, ఎవరి తప్పు వాళ్లే చెప్పుకోవాలి. నేనేమో మా వాడి తప్పు పది మందికి వినపడేలా చాటానన్నమాట! ఇప్పటికీ మా వాళ్లు నన్ను చూసి "లిఫ్ట్" అని నవ్వుతారు. ఇప్పుడు నేనూ బుద్ధిగా సెట్ అనే అంటున్నాను. తొందరలో మాత్రం పాత మాటే నోట్లోంచి వస్తుంది.

ఏడుంబావుకి మళ్లీ మొదలుపెట్టాం. వాన పడ్డ ఇసుక గట్టిపడి కాలు దిగబడదు, పరిగెత్తడం సుఖం. బంతి మాత్రం నీళ్లు పీల్చి బరువెక్కింది. వేళ్ల మీద పడితే చప్పుడే వేరు. మొదటి గేమ్ 25-17తో పోయింది, చెప్పుకోవడానికేమీ లేదు. రెండో గేమ్‌లో నర్సమ్మాయి సర్వీస్‌కి అవతలి వాళ్లు కకావికలయ్యారు, 25-23తో మాది. ఎనిమిదిన్నరకి ఇంకో మ్యాచ్ ఉంది కాబట్టి మూడో గేమ్ పదిహేనుకే.

ఆ గేమ్ మొత్తం కుర్రాడికే ఎత్తాను. మంచివి ఎత్తాను, ఆ సంగతి నేనే చెప్పుకోవాలి. అవతలి వాళ్లకీ లెక్క దొరికింది. నా చేతికి బంతి రాగానే ఇద్దరు పొడుగువాళ్లు వాడి ముందు గోడ కట్టేస్తున్నారు. 12-12 దగ్గర పొడుగాయన పాస్ నెట్ దగ్గరకొచ్చింది. కుర్రాడు అప్పటికే గాల్లోకి లేచాడు. వాడితో పాటు ఆ ఇద్దరూ లేచారు. నేను చేతులు సెట్‌కి ఎత్తినట్టే ఎత్తి, చివర్లో వేళ్లు వెనక్కి వంచి బంతిని అవతల పడేశాను. పెద్ద దెబ్బేం కాదు. నెట్ దాటి, వాళ్ల వీపుల వెనక ఖాళీ ఇసుకలో టప్‌మని పడింది. ఎగరాల్సిన పని కూడా లేకపోయింది. మా అన్నయ్య ఎత్తుగడ ఇది. నేను చూసినవాళ్లలో ఇంత మెత్తగా పడేసినవాడు ఇంకొకడు లేడు.

కుర్రాడు కిందికి దిగి ఖాళీ చెయ్యి చూసుకున్నాడు. "అక్కా, నాకిస్తరనుకున్న."

"రూల్ అయిపోయింది కదా" అన్నాను.

మ్యాచ్ మాత్రం 15-13తో పోయింది. ఆఖరి బంతి బయటికి పోతుందని నేనే వదిలేశాను, గీత మీద పడింది. గీతేమో తాడు. తాడు కదిలిందని వాళ్లు, కదల్లేదని మావాళ్లు. నేను కదలడం చూశాను, చూశానని చెప్పేశాను. కెప్టెన్ మొహం కాస్త మాడింది.

ఇంటికి వచ్చే దారిలో కుర్రాణ్ణి వాడి అపార్ట్‌మెంట్ దగ్గర దింపి, పార్కింగ్‌లోనే ఆగి అన్నయ్యకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న ఆరు దాటింది, పాలకేంద్రం నుంచి వస్తున్నాడు. వెనక క్యాన్ల చప్పుడు. ఓడిపోయామని చెప్పలేదు. 12-12 దగ్గర జరిగింది మాత్రం మొత్తం చెప్పాను, ఎవరెక్కడ నిలబడ్డారో సహా. అంతా విన్నాడు. కాసేపు మాట్లాడలేదు.

"నెట్ ఎత్తెంతమ్మా?" అన్నాడు.

"2.43."

"మగాళ్ల నెట్టేనా?"

"మగాళ్ల నెట్టే."

"ఊఁ" అన్నాడు. తర్వాత, "మణికట్టు వంచావా, వేళ్లే వంచావా?"